లాగొద్దు, దానంతట అదే వస్తుంది

మా ఇంట్లో పాము ఉందని తెలిసినవాళ్ళు మొదట అడిగేది "కరవదా?" అని. ఆ తర్వాత "ఏం పెడతారు?" అని. మూడో ప్రశ్న నన్ను అడగరు, మావారిని పక్కకి తీసుకెళ్ళి అడుగుతారు: "మీ ఆవిడకి భయం లేదా?" ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "కుబుసం విడిచేటప్పుడు ఏం చేస్తారు?" అని అడిగిన పాపాన పోలేదు. నన్నడిగితే పాముని పెంచడంలో అసలు సంగతంతా అక్కడే ఉంది. మామూలు రోజుల్లో దానికి కావలసినవి మంచినీళ్ళు, ఒక పక్క వెచ్చదనం, పదీ పన్నెండు రోజులకో ఎలుక. ఆ మాత్రం ఎవరైనా చూసుకుంటారు. కుబుసం విడిచే ముందు వచ్చే రెండు వారాలే పెంచేవాళ్ళకి పరీక్ష. నేను చూసినంతలో ఆ పరీక్ష తప్పేవాళ్ళు పట్టించుకోనివాళ్ళు కారు, మరీ ఎక్కువ పట్టించుకునేవాళ్ళు.

మాది కార్న్ స్నేక్. మేముండే నార్త్ కరోలినాలోనూ, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోనూ అడవుల్లో, పొలాల్లో, పాత కొట్టాల్లో తిరిగే పాము. విషం లేదు. ఎలుకని చుట్టి, బిగించి, మింగుతుంది. మొక్కజొన్న గాదెల చుట్టూ ఎలుకల కోసం తిరిగేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, పొట్ట కింద నలుపూ తెలుపూ గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కాబట్టి వచ్చిందని ఇంకొందరు అంటారు. మన జెర్రిపోతుకి దూరపు చుట్టం అనుకోండి. కాకపోతే అంత పొడుగూ ఉండదు, అంత దూకుడూ ఉండదు. మా దాని పొడుగు నాలుగడుగులు. నారింజరంగు ఒళ్ళు, దానిమీద ఇటుకరంగు మచ్చలు. మా అబ్బాయి దానికి "కాబ్" అని పేరు పెట్టాడు. నేను తెలుగు చేసుకుని "పొత్తు" అంటాను, మొక్కజొన్న పొత్తు. పాముతో పొత్తు పెట్టుకున్న ఇల్లాలివి నువ్వొక్కదానివే అని మావారు ఏడిపిస్తూ ఉంటారు.

తెచ్చినప్పుడు వాడికి పదమూడేళ్ళు. చూపుడువేలంత లావు కూడా లేని పిల్లని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకొచ్చాడు. ఇప్పుడు వాడికి పంతొమ్మిది. కాలేజీ హాస్టల్లో పాముల్ని ఉంచనివ్వరు. కాబట్టి వాడు వెళ్ళాడు, పొత్తు ఉండిపోయింది. కార్న్ స్నేక్ బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. పిల్లాడు ముచ్చట పడ్డాడని పాముని కొనిచ్చే తల్లిదండ్రులు ముందు ఈ కూడికలు చేసుకోవాలి. పదమూడుకి ఇరవై కలిపితే ముప్పైమూడు. అప్పటికి వాడు ఏ ఊళ్ళో ఉంటాడో, ఏ ఉద్యోగంలో ఉంటాడో! కొనేటప్పుడు వాడి పాము, రెండేళ్ళు తిరిగేసరికి అమ్మ పాము. కుక్కల విషయంలో ఈ మాట అందరికీ తెలుసు. పాము విషయంలో మాత్రం "దానికేం పని ఉంటుందండీ, గాజుపెట్టెలో పడుంటుంది" అనుకుంటారు. ఆ మాట అన్నవాళ్ళని ఒక్క కుబుసం కాలం మా ఇంట్లో ఉండి చూడమంటాను.

మొదట రంగు తగ్గుతుంది. నారింజరంగు కాస్తా ఉతికి ఉతికి వెలిసిన వాయిల్ చీరలా అయిపోతుంది. పొట్ట పొలుసులు లేత గులాబీ రంగుకి తిరుగుతాయి. మనిషి మీదకి ఉత్సాహంగా పాకే పాము డబ్బాలోంచి బయటికి రావడం మానేస్తుంది. ఎలుకని ముందు పెట్టినా మొహం తిప్పుకుంటుంది. ఆ తర్వాత కళ్ళు. నల్లగా మెరిసే కళ్ళు పాలు కలిపిన నీళ్ళలా, కొంచెం నీలంగా మసకబారతాయి. మొదటిసారి చూసినవాళ్ళు పాముకి గుడ్డితనం వచ్చిందని హడలిపోతారు. పాముకి మనలాగా రెప్పలుండవు. వాటికి బదులు కంటిమీద వాచీ అద్దంలా ఒక తేట పొలుసు ఉంటుంది. అది కూడా చర్మంలో భాగమే. కుబుసంతో పాటే అదీ ఊడాలి. పాత పొరకీ, దానికింద తయారైన కొత్త పొరకీ మధ్య ద్రవం చేరి రెండూ విడిపోతూ ఉంటే పైకి ఆ మసక కనిపిస్తుంది. ఆ నాలుగైదు రోజులూ దానికి చూపు సరిగా ఆనదు.

తర్వాత హఠాత్తుగా ఒక పొద్దున్న కళ్ళు తేటపడతాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అయిపోయింది కాబోలు అనుకుని బయటికి తీస్తారు, ఎలుకని పెడతారు. అయిపోలేదు. అసలు కుబుసం విడిచేది ఆ తర్వాత మూడు నాలుగు రోజులకి. ఒక రాత్రి ముక్కుని కొయ్యదుంగకేసి రాయడం మొదలుపెడుతుంది. పెదవుల దగ్గర పొర చిట్లుతుంది. అక్కణ్ణించి తలమీదుగా వెనక్కి మడత పడుతుంది. ఇక పాము ముందుకు పాకుతూ ఉంటే పొర తిరగబడుతూ వెనక్కి జారుతుంది, మనం మేజోడు విప్పేటప్పుడు లోపలివైపు బయటికి వచ్చినట్టు. సవ్యంగా జరిగితే ముక్కు నుంచి తోక కొస దాకా ఒకే ముక్క. పొలుసుల మధ్య మడతలు కూడా సాగుతాయి కాబట్టి కుబుసం పాముకన్నా పొడుగు ఉంటుంది. మా నాలుగడుగుల పొత్తు కుబుసం ఒకసారి కొలిస్తే అయిదడుగులకి అంగుళం తక్కువ. దాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే రంగు ఉండదు, మచ్చల జాడ మాత్రం పలచగా కనపడుతుంది. రంగంతా లోపలి చర్మంలో ఉంటుంది.

నేను బి.ఏ. తెలుగు చదివాను. ఆ చదువు ఏం పనికొచ్చిందని మా చుట్టాల్లో కొందరికి ఇంకా సందేహమే కాబట్టి ఇక్కడ కొంచెం వాడుకుంటాను. కుబుసం అంటే పాత తెలుగులో రవిక అని కూడా అర్థం ఉంది. సంస్కృతంలో కంచుకమూ అంతే, రవికకీ పాము పొరకీ అదే మాట. పాము బట్ట విప్పుకున్నట్టు మనవాళ్ళకి తోచింది. ముద్దుగానే ఉంది కానీ, ఆ పోలికే మనల్ని తప్పుదారి పట్టిస్తుందేమో అని నాకు అనుమానం. రవిక బిగుతైతే పక్కవాళ్ళు సాయం పట్టి విప్పొచ్చు. కుబుసం అలా కాదు. కింద చర్మం సిద్ధం కాకుండా పైది లాగితే బట్ట ఊడదు, తోలు ఊడుతుంది. ఇంకో సంగతి. నిగనిగలాడుతూ ఉషారుగా కనిపించేవాళ్ళని చూసి "కుబుసం విడిచిన పాములా ఉన్నాడు" అంటాం. విడిచిన తర్వాతి మెరుపుకి మాటుంది. విడిచే ముందు కళ్ళు కనపడక, తిండి మాని, చీకట్లో చుట్టుకుని పడుకున్న పాము గురించి నాకు తెలిసినంతలో మనకి సామెతా లేదు, నుడికారమూ లేదు.

ఆ రోజుల్లో నేను చేసే పనులు చెప్తే నవ్వుతారు, అంత చిన్నవి. గాజుపెట్టెలో తేమ చూపించే మీటరు ఉంది. మామూలుగా నలభై నుంచి అరవై మధ్య ఉంటే చాలు. రంగు తగ్గగానే అరవై, డెబ్భై దాకా పెంచుతాను. మూతకి కన్నం పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో స్ఫాగ్నమ్ నాచు, అదే ఆర్కిడ్ కుండీల్లో వేసేది, తడిపి పెడతాను. ఎంత తడి అంటే, పెసలు మొలక కట్టే గుడ్డ ఎంత తడిగా ఉంటుందో అంత. పిండితే నీళ్ళు కారకూడదు. నీళ్ళు ఓడుతూ ఉంటే పొట్ట పొలుసులకి పొక్కులొస్తాయి, అది ఇంకో రోగం. నీళ్ళ గిన్నె కొంచెం పెద్దది పెడతాను, పాము చుట్టుకుని కూర్చునేంతది. ముక్కు రాసుకోవడానికి గరుకు కొయ్య ఎలాగూ ఉంటుంది. వెచ్చటి పక్క ఎనభై అయిదు డిగ్రీల ఫారన్‌హీట్, చల్లటి పక్క డెబ్భై అయిదు, ఇవి ఎప్పుడూ మారవు. రంగు తగ్గిన తేదీ, కళ్ళు మసకబారిన తేదీ, తేటపడిన తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాస్తాను, పూర్వం పాలవాడి లెక్క రాసినట్టు. అంతే. ఎలుక పెట్టను, చేత్తో తియ్యను, పెట్టె ముందు నిలబడి తొంగిచూడను.

ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. మన ఇళ్ళల్లో ఒంట్లో బాగాలేనివాళ్ళని చూసుకోవడం అంటే వాళ్ళ మంచం పక్కనే కూర్చోవడం. నుదురు పట్టి చూడటం, ఏదో ఒకటి తినమని ప్రాణం తియ్యడం. పాముకి ఇవన్నీ బాధ. దానికి మన చెయ్యి నుదుటి మీద చెయ్యిలా ఉండదు, చూపు ఆననప్పుడు పైనుంచి దిగే గద్దలా ఉంటుంది. మా పొత్తు ఆరేళ్ళలో ఒక్కసారి మా అబ్బాయి చేతిమీద నోరు వేసింది. అది ఇలాంటి రోజుల్లోనే, వాడు కదిలించబోతే.

మా అత్తయ్యగారు అక్టోబరులో వచ్చారు, ఆరు నెలలు ఉండటానికి. ఇంతకుముందు వచ్చినప్పుడు పాము చిన్నది, మా వాడి గదిలో తలుపేసి ఉండేది. ఈసారి హాల్లోకి వచ్చింది, నా కంటి ముందు ఉంటుందని. ఆవిడ పల్లెటూళ్ళో పెరిగిన మనిషి. రాత్రిపూట పాము అనరు, "పురుగు" అంటారు. నేను గదిలోకి వెళ్తుంటే "పురుక్కి దీపం ఆర్పావా అమ్మాయీ?" అని అడుగుతారు. ఎలుకల కోసం గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజరు ఉంది కాబట్టి మా వంటింటి శాంతిభద్రతలు నిలిచాయి. పెట్టె సామాన్లు వంటింటి సింకులో కడగను, గరాజ్‌లో బకెట్‌లో కడుగుతాను. ఇది ఆవిడ మడి కోసం కాదు. పాములూ తాబేళ్ళూ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా మోస్తాయి. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్ళలోపు పిల్లలూ, అరవై అయిదు దాటినవాళ్ళూ ఉన్న ఇళ్ళల్లో ఇవి వద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. అత్తయ్యగారికి డెబ్భై రెండు. అందుకే ఆవిడున్నన్నాళ్ళూ పెట్టె మూత తియ్యడం నా ఒక్కదాని పనే. ఈ విషయంలో ఆవిడతో పేచీ లేదు, ఆవిడెలాగూ ఆరడుగుల దూరం దాటి రారు.

దీపావళి అయిన నాలుగో రోజు నాగుల చవితి. మా అత్తయ్యగారికి అది పెద్ద పండగ. చిమ్మిలి, చలిమిడి, ఆవుపాలు తీసుకుని పుట్టకి వెళ్ళాలి. మా ఇంటి వెనక ఉన్నవల్లా ఎర్రచీమల పుట్టలు. వాటి దగ్గర నిలబడితే దణ్ణం పెట్టేలోపు కాళ్ళు వాచిపోతాయి. గుడికి వెళ్ళి వచ్చాం. వచ్చాక గాజుపెట్టె వైపు చూసి, "ఇంట్లోనే ఉందిగా, ఒక ఉద్ధరిణెడు పాలు దీనికీ పోస్తే?" అన్నారు. పొయ్యకూడదని చెప్పాను. పాము పాలు తాగే జంతువు కాదు, పాలు దానికి అరగవు. పాములాళ్ళ దగ్గర పాలు తాగే పాములు రోజుల తరబడి నీళ్ళు లేక నాలిక పిడచకట్టుకుపోయి ఏది దొరికితే అది తాగేవి. ఆవిడ మొహం చిన్నబోయింది. నేను గిన్నె కడిగి మంచినీళ్ళు మార్చి, "ఇవి పొయ్యండి" అన్నట్టు చూశాను. పొయ్యలేదు కానీ దూరం నుంచి దణ్ణం పెట్టారు. దణ్ణం దానికేం చెయ్యదు. ఉండనీ.

అదే వారం కళ్ళు మసకబారాయి. అప్పుడు అత్తయ్యగారు చెప్పిన మాట నన్ను ఆశ్చర్యపరిచింది. "గడ్డివాము దగ్గర కుబుసం కనపడితే మా నాన్న నాలుగు రోజులు మమ్మల్ని అటు పోనిచ్చేవారు కాదు. కుబుసం కట్టిన పాము జోలికి పోకూడదు, దానికి కళ్ళు కనపడవు, ఏది కదిలినా కొడుతుంది" అన్నారు. పాము పగబడుతుందని కూడా కలిపారు, అది వదిలేద్దాం. మిగతాది అక్షరాలా పాముల డాక్టరు చెప్పేదే. ఒకరు భయంతో చెప్పారు, ఒకరు చదువుతో చెప్పారు, ఇద్దరూ చెప్పింది దాని మానాన దాన్ని వదలమనే. పాత నమ్మకాలన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసేవాళ్ళకీ, అన్నీ సైన్సే అని వాదించేవాళ్ళకీ కూడా మా అత్తయ్యగారిని చూపించాలనిపిస్తుంది. పాల విషయంలో ఆవిడది తప్పు, కళ్ళ విషయంలో ఒప్పు. రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. విడివిడిగా తేల్చుకోవాలి తప్ప గంపగుత్తగా తీసుకోవడానికి లేదు.

అక్టోబరు కుబుసం చక్కగా ఒక్క ముక్కలో వచ్చింది. జనవరిది రాలేదు. ఆ వారం చలి విరుచుకుపడింది. హీటరు రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచింది. హీటరు నడిస్తే ఇంట్లో గాలి అప్పడంలా ఎండిపోతుంది. హాల్లో తేమ పాతిక దాటలేదు. పెట్టె పైన సగం మూసి, నాచు రెండుపూటలా తడిపినా లోపల నలభై మీదకి ఎక్కడం గగనమైంది. కళ్ళు తేటపడిన అయిదో రోజు పొద్దున్న చూస్తే కుబుసం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. వీపుమీద పీలికలు అతుక్కుని ఉన్నాయి. తోక చివర ఉంగరంలా ఒక పట్టీ. కుడి కన్ను ఇంకా మసకగా, ఎడమది తేటగా.

మావారు ట్వీజర్స్ తీసుకొచ్చారు. మంచి మనిషి, ఎవరి బాధా చూడలేరు. "చిన్న పొరే కదా, రెండు నిమిషాల్లో లాగేస్తాను, పాపం దురదగా ఉండదూ?" అన్నారు. మా వాడు వీడియోలో "నాన్నా, నో!" అని ఒకటే అరుపు. వాడి స్నేహితుడొకడు ఇలాగే కంటి పొర గోటితో గీకితే ఆ పాముకి కన్ను పోయింది. ఆ పిల్లాడు క్రూరుడేం కాదు, రాత్రంతా దాని పక్కన కూర్చున్నవాడు.

నా అభిప్రాయం ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. లాగాలనిపించేది పాము బాధ చూడలేక అని మనం అనుకుంటాం. సగం అదే. మిగతా సగం, అలా అసంపూర్తిగా వేలాడుతున్నదాన్ని చూస్తూ ఊరుకోలేకపోవడం. పక్కు కట్టిన పుండుని గిల్లే చేతులే అవి. పాముకి ఆ పొర ఇంకో నాలుగు రోజులు ఉండిపోతే పెద్ద నష్టం లేదు, నష్టమల్లా మన ఓపిక్కే. మావారితో అదే అన్నాను. "నువ్వు మరీ రాతిగుండె దానివి" అన్నారు. అనుకోనీండి.

అయితే ఊరికే వదిలెయ్యడం కూడా కుదరదు. దీన్ని కొందరు ఇంకో కొసకి లాగుతారు, ప్రకృతి చూసుకుంటుందిలే అని. అడవిలో అయితే అది తడి ఆకుల కిందకీ, కుళ్ళిన దుంగలోకీ తనే వెతుక్కుంటూ పోతుంది. గాజుపెట్టెలో పెట్టింది మనం. అక్కడ తేమ తెచ్చే పని ప్రకృతిది కాదు, నాది. ముఖ్యంగా తోక పట్టీని వదలడానికి వీల్లేదు. అది ఎండేకొద్దీ బిగుస్తుంది, రక్తం ఆడక తోక కొస నల్లబడి రాలిపోతుంది. వేలికి దారం గట్టిగా చుట్టి ఉంచితే ఏమవుతుందో అదే. కన్నూ తోకా రెండూ అతుక్కుపోయిన పొరలే, కానీ తోకకి తొందరుంది, కంటికి లేదు. ఎక్కడ తొందరుందో, ఎక్కడ లేదో తెలుసుకోవడమే ఇందులో విద్య అంతా.

గాలి కన్నాలున్న ప్లాస్టిక్ పెట్టెలో పాత టర్కీ తువ్వాలు గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, పిండి, పరిచాను. ఇంకో తువ్వాలు పైన వదులుగా. పొత్తుని అందులో వదిలి అరగంట పక్కనే కూర్చున్నాను. తువ్వాలు మడతల్లోంచి అది పాకుతూ ఉంటే గరుకు అంచులు పీలికల్ని పట్టుకున్నాయి. మన చెయ్యి చెయ్యలేని పని అదే. ఎంత బలంతో లాగాలో పాముకి తెలుసు, నొప్పి తగిలితే ఆగుతుంది. ట్వీజర్స్‌కి ఆ సంగతి తెలియదు. మొదటి రోజు వీపుమీదవి సగం పోయాయి. రెండో రోజు మిగతావి. మూడో రోజు తోక పట్టీ మెత్తబడి, తడి గుడ్డ మధ్య నుంచి తోకని జారనిస్తే ఉంగరంలా ఊడి తువ్వాల్లో ఉండిపోయింది. అత్తయ్యగారు ఆ మూడు రోజులూ ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "వచ్చిందా? తొందరపడకు. వస్తుంది" అంటూనే ఉన్నారు. కాన్పు గది బయట కూర్చున్న పెద్దముత్తయిదువలా.

కన్ను మాత్రం అలాగే ఉంది. పాముల్ని చూసే డాక్టరు అన్ని జంతువుల ఆసుపత్రుల్లోనూ ఉండరు. మాకు నలభై నిమిషాల దూరం. దిండు గలీబులో పాము, డబ్బాలో గలీబు, నా ఒళ్ళో డబ్బా. ఆవిడ దీపం వేసి చూసి, పేనులాంటి పురుగులేమైనా ఉన్నాయేమో పొలుసులు వెతికి, నోరు చూసి, తూకం వేసి, పాము బాగానే ఉందన్నారు. కంటి పొర తియ్యలేదు. అది కొత్త పొరకి అంటుకుని ఉంటుంది, బలవంతంగా తీస్తే కొత్తది కూడా వచ్చేస్తుంది, కన్నే పోవచ్చు అన్నారు. తేమ సరిగ్గా ఉంచండి, వచ్చే కుబుసంతో రావచ్చు, రాకపోతే అప్పుడు చూద్దాం అన్నారు. ఏమీ చెయ్యకుండా పంపినందుకు అంత ఫీజా అని మావారు. ఏమీ చెయ్యకూడదని నమ్మకంగా చెప్పేవాళ్ళకి ఇచ్చే డబ్బు దండగ కాదని నేను.

వచ్చే కుబుసం అంటే ఎప్పుడు? పిల్లపాములు నాలుగైదు వారాలకోసారి విడుస్తాయి. పెరిగినవి రెండు మూడు నెలలకి. ఎదగడం ఆగినా విడవడం ఆగదు. అంటే ఒక కన్ను మసకేసుకుని రెండు నెలలు. హాల్లో పెట్టె పక్కన గదికి తేమ ఇచ్చే మిషను కొని పెట్టాం. దాని పుణ్యమా అని నా ముక్కులోంచి చలికాలం రక్తం కారడం కూడా తగ్గింది. తిండి మామూలుగానే తింది, ఎలుకని కళ్ళతో కాకపోయినా నాలికతో వాసన పట్టి వెతుక్కుంది. రోజూ పొద్దున్న కాఫీ కప్పుతో వెళ్ళి ఒకసారి కుడికన్ను చూడటం, వాచిందా, ఏమైనా కారుతోందా అని. లేదు. అంతే, కప్పు పట్టుకుని వెనక్కి. ఇలాంటి పని ఎవరికైనా చెప్పుకుంటే పనిలా వినపడదు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళ పనులు చాలావరకు ఇలాంటివే కదా, జరగనివ్వకుండా ఆపినవి ఎవరి లెక్కలోకీ రావు.

ఈ మధ్య విజయవాడ నుంచి ఒక పాఠకురాలు వాళ్ళ పిల్లాడు నా ఫోటోలు చూసి పాము కావాలని పేచీ పెడుతున్నాడని రాశారు. మన దేశంలో పాముల్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తాచు, జెర్రిపోతు లాంటివి పట్టినా, పెంచినా నేరం. చట్టం మాట అటుంచినా, పొలంలో తిరిగే జంతువుని పెట్టెలో పెట్టడం న్యాయం కాదు. మాది మనుషుల దగ్గర పుట్టి పెరిగినది. అయినా మా పక్కనున్న జార్జియా రాష్ట్రంలో కార్న్ స్నేక్‌ని పెంచుకోనివ్వరు, అది అక్కడి నేల పాము కాబట్టి. చూడాలనుకుంటే జంతు ప్రదర్శనశాలకి తీసుకెళ్ళండి. అదృష్టం బాగుంటే అక్కడ కళ్ళు మసకబారిన పాము కనపడుతుంది. నిద్రపోతోందని అద్దం మీద కొట్టేవాళ్ళని ఆపండి.

మార్చి మొదటి వారంలో రంగు తగ్గింది. క్యాలెండర్ మీద మూడు తేదీలూ పడ్డాయి. పదకొండో రోజు రాత్రి కొయ్యదుంగ గీరుకుంటున్న చప్పుడు వినపడింది. మావారు లేవబోతే మోచెయ్యి పట్టుకుని ఆపాను. పొద్దున్న దుంగ కింద ఒక్క ముక్కలో కుబుసం, తోక కొస ముల్లుతో సహా. తలభాగం జాగ్రత్తగా విప్పి కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. కళ్ళ దగ్గర కన్నాలు ఉండకూడదు, చిన్న గిన్నెల్లా అద్దాలు ఉండాలి. రెండూ ఉన్నాయి. కుడివైపుది కొంచెం మందంగా, దానిమీద జనవరి నాటి పాతది అతుక్కుని ఉంది.

అత్తయ్యగారు ఆ కుబుసం ఊరికి పట్టుకెళ్తానన్నారు. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే ఏం చెప్తారండీ అంటే ఆలోచనలో పడ్డారు. మా వాడికి ఫోటో పంపితే వాడు బదులుగా మూడు గుండెలు, ఒక ప్రశ్న పంపాడు: వచ్చే ఏడు హాస్టల్ వదిలి స్నేహితులతో అపార్ట్‌మెంట్ తీసుకుంటున్నాడట, పొత్తుని తీసుకెళ్ళనా అని. ముందు తేమ మీటరు కొనుక్కో, తర్వాత మాట్లాడదాం అన్నాను.